పూలకోత బిళ్ళలు

కిందటి వారం ఇస్క్రాను మైక్రోస్కోపు ముందు వదిలేసి వచ్చాం. గులాబీ తోటల లోయలో ఉన్న ఆ చిన్న పట్నం ఆసుపత్రిలో, మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కలు చూసి రోగం పేరు చెప్పే డాక్టరు ఆవిడ ఒక్కతే. పెద్దమ్మ కొడుకు గెంచో భార్య తోత్కా కడుపులోంచి తీసిన గడ్డ ఆవిడ చేతికే వచ్చింది. మామూలు ఫైబ్రాయిడ్ అనుకుని తీశారు. ఇస్క్రా క్యాన్సరని తేల్చింది. పెళ్ళి ఆలస్యమై, నలభై దగ్గర పడుతున్నా ఇంకా బిడ్డ కోసం చూస్తున్న మనిషని సర్జన్ గడ్డ వరకే తీసి గర్భసంచిని ఉంచాడు. ఇస్క్రా మాట వల్ల సోమవారం ప్లోవ్‌దివ్ పెద్దాసుపత్రిలో అదీ తీసేయబోతున్నారు. శుక్రవారం సాయంత్రం ఎందుకో మనసొప్పక ఇస్క్రా ఆ స్లయిడ్లు మళ్ళీ పెట్టి చూసింది. గడ్డలో చచ్చిన కండ అంచున, సన్నటి నాళాల్లో రక్తం గడ్డకట్టి ఉంది. మొదటిసారి అది ఆమె కంట పడలేదు. ఆ నాళాలు వాటంతటవే మూసుకోలేదని ఆమెకు అనిపించింది. ఏదో మూసింది. ఆ ఏదో ఏమిటో తోత్కానే అడగాలి.

శనివారం ఇంకా మసక చీకటి ఉండగానే ఇస్క్రా ఊరి దారి పట్టింది. తోత్కా ఇంట్లో ఉండదని ఆమెకు తెలుసు. గులాబీ కోత ఆఖరి రోజులు. ఈ రోజుల్లో ఆ ఊళ్ళో ఇంట్లో ఉండేది పిల్లులే.

వాల్‌నట్ చెట్టు కింద కారు ఆపి దిగేసరికి పూల వాసన ముఖానికి తగిలింది. బయటి ఊళ్ళ వాళ్ళు ఆ వాసనకు మురిసిపోతారు. అక్కడి వాళ్ళకు మాత్రం అది నడుం నొప్పి వాసన. సాళ్ళ మధ్య ఆడవాళ్ళు అప్పటికే నడుముకు జోలెలు కట్టుకుని కోస్తున్నారు. మంచు ఆరకముందే కోయాలి. ఎండ తగిలిన పువ్వులో నూనె మిగలదు. పూల నూనె తీసే బట్టీ వాళ్ళ ట్రాక్టరు తోట చివర గుర్రుమంటూ నిలబడి ఉంది.

దోన్కా పెద్దమ్మ సాలు మొదట్లోనే ఎదురైంది. డెబ్బై దాటినా ఆమె రెండు చేతులూ రెండు వేర్వేరు మనుషులవన్నట్టు కోస్తాయి.

"వచ్చావా డాక్టరమ్మా. రేకలు రాలాక వస్తే ఏం కోస్తావు, ముళ్ళా?"

"ఇంకా సూర్యుడు రాలేదు పెద్దమ్మా."

"నీకు రాలేదు. మాకు వచ్చి సగం దూరం పోయాడు. జోలె ఆ చెట్టుకి ఉంది, కట్టుకో."

"కోతకి రాలేదు. తోత్కాతో మాట్లాడాలి."

దోన్కా చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ సాగాయి. "మాట్లాడు. మాటలకేం, నువ్వు చెప్పాల్సింది చెప్పేశావుగా."

తోత్కా సాలు చివర పెట్టె బోర్లించుకుని కూర్చుంది. కుట్లు ఇంకా పచ్చివి కాబట్టి వంగకూడదు. అందుకని గోతాల్లో పోయకముందు పువ్వుల్లోంచి ఆకులు, పుల్లలు ఏరే పని ఆమెకు ఇచ్చారు. తలకు రుమాలు బిగించి కట్టుకుంది. రుమాలు కింద మెడ బోసిగా, తెల్లగా కనిపించింది. ఎండ ఎన్నడూ తగలని చోటు అది. ఎప్పుడూ అక్కడ లావుపాటి జడ ఉండేది.

"జుట్టేదే తోత్కా?"

"మందులు ఎక్కిస్తే ఎలాగూ ఊడుతుందన్నారుగా వదినా. దానంతటది ఊడి నన్ను ఏడిపించే కంటే ముందే తీసేస్తే సరిపోతుందనుకున్నా." తోత్కా రుమాలు కొంచెం పక్కకు తీసి చూపించింది. "మీ తమ్ముడే కత్తిరించాడు. గొర్రెకి కత్తిరించినట్టే కత్తిరించాడు, చూడు. పాపం, కాళ్ళు మాత్రం కట్టలేదు."

ఇస్క్రాకు నవ్వు రాలేదు. పక్కన నేల మీద కూర్చుని, చేతికి అందిన ఆకులు ఏరసాగింది.

"ఒక మాట అడుగుతాను, జాగ్రత్తగా ఆలోచించి చెప్పు. ఆపరేషన్‌కి ముందు నువ్వేమైనా మందులు వాడావా?"

"లేదే."

"రక్తం ఎక్కువ పోతోందని ఏదైనా?"

"ప్లోవ్‌దివ్ డాక్టరూ అడిగాడు. ఆ నర్సు కూడా అడిగింది. లేదనే చెప్పా. నాకు మందులెక్కడివి వదినా? పుదీనా కషాయం తాగా. అదీ చెప్పనా?"

ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆ మొహం ఇస్క్రాకు బాగా తెలుసు. అబద్ధమాడితే తోత్కా చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు చెవులు మామూలుగానే ఉన్నాయి. మరి ఆ నాళాల్లో రక్తాన్ని ఏది గడ్డకట్టించింది?

అప్పుడే పక్క సాలులోంచి రైనా తల పైకెత్తింది. ముప్పై ఏళ్ళ గట్టి మనిషి, నోరు అంతకంటే గట్టిది.

"డాక్టరమ్మా, కోత బిళ్ళలు తెచ్చావా? నాకు పొద్దున్నే మొదలైంది. చెట్టుకున్న సంచిలో ఒక్కటీ లేదు, ఎవత్తి మింగేసిందో."

ఇస్క్రా చెయ్యి దానంతటదే భుజాన ఉన్న సంచిలోకి వెళ్ళింది. ఏటా వెళ్ళే చెయ్యి అది. వేళ్ళకు తగిలిన అట్టను పట్టుకుని పైకి తీసింది. రైనాకు అందించబోయి, తన అరచేతిలో ఉన్నదేమిటో అప్పుడు చూసుకుంది.

పూలకోత బిళ్ళలు. రక్తస్రావం ఆపే బిళ్ళలు.

పువ్వు ఎవరి కోసమూ ఆగదు. ఆ కొన్ని వారాలు ఆ ఊళ్ళో ఎవరికీ జబ్బు చేయదు. చేసినా ఎవరూ పైకి చెప్పరు. నెలసరి వచ్చినా సాలు మధ్యలో వదిలి పొద కోసం వెతుక్కుంటూ పోవడానికి ఏ ఆడదానికీ తీరిక ఉండదు. ఇస్క్రా డాక్టరైన ఏడాది మందుల షాపులోంచి ఆ బిళ్ళలు తెచ్చి వాల్‌నట్ కొమ్మకు సంచిలో కట్టింది. అప్పటి నుంచీ ఏటా కడుతోంది. కావలసిన వాళ్ళు తీసుకుంటారు. రొట్టె ముక్క తీసుకున్నట్టు, నీళ్ళ సీసా తీసుకున్నట్టు. దాన్ని ఎవరూ మందు అనుకోరు. అన్నేళ్ళు చదివి, ఆ బిళ్ళ ఒంట్లో ఏం చేస్తుందో తెలిసిన ఇస్క్రా కూడా అనుకోలేదు.

"ఇయ్యవేం?" అంది రైనా.

"నీకు వద్దు. ఇవాళ ఇంటికి పో."

"ఇంటికా? మా అత్త ముందు నన్ను గోతంలో కట్టి ట్రాక్టరెక్కిస్తుంది." రైనా గొణుక్కుంటూ వంగి కోతలో పడింది.

ఇస్క్రా ఆ అట్టను తోత్కా ముందు పెట్టింది. "ఇవి వేసుకున్నావా?"

"అవా. అవి వేసుకున్నాలే. అవి మందులా?"

"ఎన్ని వేసుకున్నావు?"

తోత్కా ఒళ్ళో ఉన్న పువ్వులను అటూ ఇటూ కదిపింది. ఇప్పుడు చెవులు ఎర్రబడ్డాయి.

"చెప్పు తోత్కా. తిట్టను."

"చెట్టు దగ్గరికి పోయినప్పుడల్లా. ఇందాక రైనా అన్నది నన్నే. సంచి ఖాళీ చేసింది నేనే." గొంతు తగ్గించింది. "చాలా పోయేది వదినా. ముద్దలు ముద్దలుగా. అత్తయ్య కంట పడకూడదని. ఇంత రక్తం పోసే కడుపులో ఏం నిలుస్తుంది అంటుంది. పైకి అనకపోయినా చూస్తుంది. ఆ చూపు నాకొద్దు. అందుకని మింగా. ఆగింది కూడా. నీకు మనసులో దండం పెట్టుకున్నా, తెలుసా? తర్వాత వారానికి కడుపులో నొప్పి మొదలైంది. కత్తి దింపి తిప్పినట్టు. జ్వరం వచ్చింది. ఆ తర్వాతది నీకు తెలుసుగా."

ఇస్క్రాకు తెలుసు. ఇప్పుడు అంతా తెలుసు. ఆ బిళ్ళ రక్తాన్ని నిలబెడుతుంది. అప్పుడప్పుడూ గడ్డలోని సన్నటి నాళాల్లో కూడా నిలబెడుతుంది. రక్తం అందని గడ్డ లోలోపలే ఒక్కసారిగా చచ్చిపోతుంది. చచ్చిన కొత్తలో ఆ కండ మైక్రోస్కోపు కింద అచ్చం క్యాన్సర్ చంపిన కండలాగే ఉంటుంది. రెంటికీ తేడా చెప్పే ఆనవాళ్ళు ఉంటాయి. వాటి కోసం ఓపికగా, చాలా చోట్ల కోసి వెతకాలి. ఆమె వెతకలేదు. ముక్కలు కోసే సహాయకురాలు కోతకు సెలవు పెట్టి పోయింది. తనకూ పెద్దమ్మ తోటకు ఆలస్యమవుతోంది. గడ్డలో ఒక పక్క మాత్రం కోసి, నాలుగు ముక్కలు చూసి, ఆ చావు అంచునే కణాలు గబగబా రెండుగా చీలుతుంటే లెక్కపెట్టుకుంది. మందులేవీ వాడలేదని కాగితంలో ఉంటే నమ్మింది. బిళ్ళల సంచిని కొమ్మకు కట్టిన చేత్తోనే ఆ కాగితం తిప్పింది.

తెలియక చేసిన తప్పయితే ఇంత బరువుండేది కాదు. ఇది తెలిసినది అడగకపోవడం.

"వదినా, అలా చూడకు. భయమేస్తోంది."

ఇస్క్రా చెప్పింది. తోత్కాకు అర్థమయ్యే మాటల్లో, ఏదీ దాచకుండా చెప్పింది. వేలు తెగితే ఆ చుట్టూ చర్మం త్వరత్వరగా పెరుగుతుంది కదా, గడ్డ చచ్చిన చోటు చుట్టూ కూడా కణాలు అలాగే పెరుగుతాయి, తాను సరిగ్గా అక్కడే చూసి అది చెడ్డ పెరుగుదల అనుకుంది, అని.

 ఒళ్ళో పువ్వుల్లోంచి ఒక పురుగు పాకి బయటికి వస్తే తోత్కా దాన్ని మెల్లగా నేల మీద దింపింది.

"అంటే నాకు క్యాన్సర్ లేదా?"

లేదు అనాలని ఇస్క్రాకు ఎంత ఉందో ఆ తోటలోని మట్టికి కూడా తెలిసి ఉంటుంది.

"లేదని ఇంకా చెప్పలేను. మిగతా గడ్డంతా కోసి చూడాలి."

"ఉందని చెప్పడానికి నాలుగు ముక్కలు సరిపోయాయి. లేదని చెప్పడానికి గడ్డంతా కావాలా?"

తోత్కా కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

వెనక ఏదో బరువుగా నేల మీద పడింది. గెంచో గోతం దింపాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో. నీళ్ళలో తడిసిన చొక్కా, గీరుకుపోయిన ముంజేతులు.

"అక్కా, నేను మొరటోడిని, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చెప్పు. బిళ్ళలు నువ్వే ఇచ్చావు. గడ్డ నువ్వే చూశావు. క్యాన్సరని నువ్వే అన్నావు."

"అవును."

"దీని జుట్టు నేను కోశాను." అతను తన చేతులకేసి చూసుకున్నాడు. "క్యాన్సరని చెప్పిన రోజు నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు. కాఫీ తాగుతూ కూర్చున్నావు."

"అవును రా."

"సరే." అరిచి ఉంటే ఇస్క్రా తట్టుకునేదే.

అరిచింది దోన్కా. అదీ గుసగుసగా. కొడుకు గోతం దింపి నిలబడిపోవడం చూసి వచ్చి, రెండు మాటల్లోనే అంతా పోల్చుకుంది. "నెమ్మదిగా మాట్లాడండి. రైనా చెవికి పడితే మధ్యాహ్నానికల్లా బట్టీలో తెలుస్తుంది. ఇదిగో ఇస్క్రా, నువ్వు మళ్ళీ చూడాలనుకుంటే చూడు. ఎవరొద్దన్నారు? ఇంకోసారి చూశాను, అనుమానం వచ్చింది, ఆపండి అని ఫోన్ చెయ్యి. ఆ బిళ్ళల ఊసెందుకు మధ్యలో? మన కొంపల్లో చదువుకున్నది నువ్వొక్కదానివే. నీ ఉద్యోగం ఊడితే ఎవరికి లాభం?"

"మందు వాడిందని చెప్పకపోతే వాళ్ళు నమ్మరు పెద్దమ్మా."

"అయితే దీన్ని చెప్పమను. ఎక్కడో కొనుక్కుని మింగానని చెప్తుంది. చెప్తావుగా?"

తోత్కా అత్తగారి వైపు చూసింది. "చెప్తాను," అంది. "వదిన చెప్పమంటే."

అంత సులువుగా ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు ఇస్క్రాకు ముల్లులా దిగింది. ఫోన్ తీసుకుని ట్రాక్టరు మోత వినిపించని చోటుకి, మట్టి గట్టు మీదికి నడిచింది. ముగ్గురూ వెనకే వచ్చారు.

ప్లోవ్‌దివ్ సర్జన్ షిష్కోవ్ నిద్ర గొంతుతో పలికాడు. "ఇస్క్రా గారూ, శనివారం ఇంత పొద్దున్నే ఏంటండీ. పిట్టలు వినబడుతున్నాయి, ఎక్కడున్నారు?"

"గులాబీ తోటలో."

"అదృష్టవంతులు. చెప్పండి."

చెప్పింది. అవతల నిద్ర గొంతు పోయింది.

"మీరు క్యాన్సరంటే నేను ఆపరేషన్ బల్ల సిద్ధం చేశాను. ఇప్పుడు కాదేమో అంటే బల్ల ఎత్తేయమంటారా?"

"మిగతా గడ్డ చూసేదాకా ఆగమంటున్నాను."

"మందులేమీ వాడలేదని నా దగ్గరున్న కాగితాల్లో ఉంది. నేనూ అడిగాను, లేదంది. ఇప్పుడు వాడిందని ఎవరు చెప్పారు?"

"ఆమే చెప్పింది."

"భయపడ్డ మనిషి ఏదైనా చెప్తుంది. ఆపరేషన్ తప్పుతుందంటే ఇంకా చెప్తుంది. ఎవరిచ్చారట ఆ బిళ్ళలు?"

దోన్కా కళ్ళు వద్దంటున్నాయి. తోత్కా ముందుకు ఒక అడుగు వేసి, ఫోన్ ఇలా ఇవ్వు అన్నట్టు చెయ్యి చాపింది. ఇస్క్రా ఆ చేతిని చూసింది. గోళ్ళ కింద పచ్చటి పసరు. ఆ చేతికి ఫోనిస్తే, తన తప్పును కూడా అదే ఎత్తుకుంటుంది. ఇప్పటికే తోత్కా ఒళ్ళంతా తన తప్పును మోస్తోంది.

"నేనే ఇచ్చాను," అంది ఇస్క్రా. "ఏటా ఇస్తాను. గడ్డ చూసేటప్పుడు ఆ మాట నాకు గుర్తు రాలేదు."

అవతల షిష్కోవ్ మంచం దిగిన చప్పుడైంది.

"మిగిలిన గడ్డ ఉందా?" అన్నాడు.

"బకెట్లో ఉంది. ఫార్మలిన్‌లో."

"మొత్తం కొయ్యండి. ముక్కలన్నీ సోమవారం నేను ఆపరేషన్‌కి చేతులు కడుక్కునే లోపు ఇక్కడుండాలి. స్లయిడ్లు ఇక్కడ వేరేవాళ్ళు చూస్తారు. మీరు చూడొద్దు."

"నేను చూడనా?"

"మొదట తొందరలో చూశారు. ఇప్పుడు ఆశతో చూస్తారు. ఇంకొకరి కన్ను కావాలి ఇస్క్రా గారూ. మిగతా విషయాలు తర్వాత మాట్లాడదాం."

ఆ తర్వాత అనేది ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆశ్చర్యంగా, దాని గురించి భయం వేయలేదు.

దోన్కా జోలె బిగించుకుని సాలులోకి వెళ్ళిపోయింది. గెంచో గోతాన్ని ట్రాక్టరు మీదికి విసిరేసి వచ్చి కారు తాళాల కోసం చెయ్యి చాపాడు. "నేను తోలతాను. నువ్వు పక్కన కూర్చో."

"నేనూ వస్తా," అంది తోత్కా.

"నువ్వెందుకే? అక్కడేముంది చూడ్డానికి?"

"నా ఒంట్లోది కదా. అందరూ చూశారు. నేనే చూడలేదు."

ముగ్గురి బట్టలకూ అంటిన గులాబీ వాసన కారులో నిండిపోయింది. గెంచో అద్దం దింపాడు.

ఆసుపత్రి కింది అంతస్తులో శనివారం ఎవరూ ఉండరు. గెంచో లోపలికి రానని మెట్ల మీదే కూర్చున్నాడు. ఇస్క్రా చేతికి తొడుగులు వేసుకుని, బకెట్ మూత తీసి, గడ్డను బల్ల మీద పెట్టింది. పెద్ద నారింజంత ఉంది. మందునీళ్ళలో నాని బూడిద రంగుకు తిరిగింది. ఒక పక్క తాను ఆ రోజు కోసిన చోటు తెరుచుకుని ఉంది.

"ఇంతేనా?" అంది తోత్కా. "దీనికా ఇంత గొడవ?"

పొడుగు కత్తితో ఇస్క్రా కోయడం మొదలుపెట్టింది. ఈసారి తొందరపడలేదు. పలుచగా, వరసగా, రొట్టె కోసినట్టు. ఒక్కో ముక్కనూ వెలుతురుకి పట్టి చూసి పళ్ళెంలో పేర్చింది. లోపల చచ్చిన చోటు ఉడికిన కాలేయం రంగులో ఉంది. మూడో ముక్కలో ఆమె ఆగింది. చచ్చిన చోటుకీ బతికిన చోటుకీ మధ్య సన్నటి పసుపు గీత, వెంట్రుకంత. తర్వాతి ముక్కలోనూ ఉంది. ఆ తర్వాతి దానిలోనూ.

"ఈ గీత చూశావా?" ఇస్క్రా కత్తి మొనతో చూపించింది. "ఇది నీ ఒళ్ళు కట్టుకున్న గోడ. రక్తం అందక చచ్చిన చోటు చుట్టూ ఒళ్ళు ఇలా గోడ కడుతుంది. క్యాన్సర్ చంపిన చోట సాధారణంగా ఇది ఉండదు. ఆ రోజు నేను కోసిన పక్క ఇంకా కట్టలేదు. ఇక్కడ కట్టింది."

"అంటే మంచిదేగా?"

"మంచిదే."

తోత్కా బల్ల అంచు పట్టుకుంది. కూర్చోమంటే కూర్చోలేదు. రుమాలు ముడి విప్పుకుని, మళ్ళీ కట్టుకుంది. ఆమె పెదాలు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కదులుతున్నాయి. ఏం లెక్కో ఇస్క్రా అడగలేదు. నలభై లోపు ఇంకెన్ని నెలలున్నాయో తోత్కాకే తెలుసు.

ఇక గడ్డ అవతలి కొస మిగిలింది. ఇంతవరకూ ఎవరి కత్తీ తగలని పక్క. ఇస్క్రా అదే బలంతో కత్తి ఆనించింది. కత్తి జర్రున దిగిపోయింది.

ముక్క పక్కకు వాలింది. లోపల కండ లేదు. గట్టి తెల్లటి నారల మధ్య గోళీకాయంత మేర జిగటగా, నిగనిగలాడుతూ, ఉడకని గుడ్డు తెల్లసొనలా ఏదో ఉంది. దాని చుట్టూ పసుపు గీత లేదు. అసలు అంచే సరిగా లేదు. ఒకచోట నారల సందుల్లోకి వేళ్ళు చాచినట్టు పాకి ఉంది.

ఇస్క్రా దాన్ని వెలుతురుకి దగ్గరగా తీసుకుంది. ఇలా కనిపించేవి రెండున్నాయి. ఒకటి, ఊరికే నీరు పట్టి మెత్తబడిన ఫైబ్రాయిడ్. దానివల్ల ఏ హానీ లేదు. రెండోది, క్యాన్సరే అయినా, మైక్రోస్కోపు కింద కూడా మర్యాదస్తురాలిలా, చాలా నెమ్మదిగా కనిపిస్తుంది. ఆ నెమ్మది చూసి దాన్ని నమ్మిన డాక్టర్లు ఉన్నారు. వాళ్ళు అలా నమ్మి వదిలేసిన ఆడవాళ్ళు తర్వాత మిగల్లేదు. అది ఏదో కంటితో చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. పైగా చూడొద్దని ఆమెకు చెప్పేశారు.

తోత్కా పక్కకు వచ్చి, భుజం మీదుగా వంగి చూసింది. వంగకూడదన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

"ఇది కూడా బిళ్ళల వల్లేనా వదినా?"

అవునన్న మాట ఇస్క్రా నాలుక మీదికి వచ్చేసింది. తలుపు దగ్గర అలికిడైంది. గెంచో మెట్ల మీద నుంచి ఎప్పుడు లేచి వచ్చాడో, గడపలో నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, అతనూ ఆ మాట కోసమే ఆమె నోటి వంక చూస్తున్నాడు.